గంటన్నర తరువాత వచ్చినవాళ్ళు

1996 జూన్‌లో నన్ను పశ్చిమ డెల్టాలో, తణుకుకు కొంచెం దూరంలో ఉన్న ఒక సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. నీటిపారుదల శాఖలో సెక్షన్ అంటే అన్నిటికన్నా కింది మెట్టు. దాని పైన సబ్‌డివిజన్, ఆ పైన డివిజన్. డివిజన్‌కు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు అధిపతి. నా సెక్షన్ కింద ఇరవై కిలోమీటర్ల పైచిలుకు కాలువ, దాని రెండు గట్లు, పడవలు దాటించడానికి కట్టిన ఒక లాకు, కొన్ని తూములు, వాటిని కనిపెట్టుకుని ఉండే లస్కర్లు. లస్కర్ అంటే కాలువ మనిషి. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టులోంచి ఎక్కడైనా నీరు ఊరుతుంటే పరుగున వచ్చి చెప్పడం అతని పని. ఊరి పేరు, కాలువ పేరు ఇక్కడ రాయడం లేదు. జరిగిన తప్పు నాది, దానికి ఊరిని ఎందుకు లాగడం.

అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. కొలతల విషయంలో నాది మొండితనమని డిపార్ట్‌మెంటులో పేరు. కాంట్రాక్టరు ముప్పై సెంటీమీటర్ల మందం మట్టి పరిచానంటే తవ్వించి చూసేవాణ్ణి. ఇంట్లో గోడ గడియారం వంకరగా ఉందని భోజనం మధ్యలో లేచి సరిచేసేవాణ్ణని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఆ పేరు నాకు లోలోపల చాలా ఇష్టంగా ఉండేది. ఈ కథంతా ఆ ఇష్టం వల్ల వచ్చిన చేటే.

చేరిన వారం రోజులకు, తెల్లవారుతుండగా మోపెడ్ మీద గట్టు తనిఖీకి వెళ్తే పది పన్నెండు మంది ఎదురుగా పరుగెత్తుకుంటూ వచ్చారు. గట్టు డిపార్ట్‌మెంటుది. నడవడానికి అభ్యంతరం లేదు కాని గుంపుగా పరుగులేమిటని బండి ఆపి అడిగాను. ముందున్న పెద్దమనిషి ఆయాసపడుతూనే నవ్వారు. ఆయన వెంకట్రాజు గారు, నలభై ఎకరాల ఆసామి. షుగరు వ్యాధి వచ్చాక డాక్టరు పరుగెత్తమంటే ఒక్కడినే ఏం పరుగెడతానని ఊళ్ళోవాళ్ళను పోగుచేసి క్లబ్బు పెట్టారు.

"ఆయ్, మేం పరిగెడితే గట్టు అరిగిపోద్దాండీ? గేదెలు తొక్కుకుంటూ పోతే ఏమీ అనరు గదా, మేం వాటికన్నా బరువా అండీ?" అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వక తప్పలేదు. ఇంకో నెలకు నేనూ వాళ్ళలో ఒకణ్ణయ్యాను. అయితే పరుగెత్తడానికి కాదు, టైము చూడడానికి. నా చీలమండ అప్పటికే ఒకసారి విరిగి అతుక్కున్నది.

బోర్డు మీద ఇంగ్లీషులో పెద్ద పేరే ఉండేది కాని ఊళ్ళో అందరూ దాన్ని గట్టు క్లబ్బు అనేవాళ్ళు. రోజూ ఎవరి వీలును బట్టి వాళ్ళు పరుగెత్తేవారు. నెలాఖరు ఆదివారం మాత్రం అందరూ కలిసి పది కిలోమీటర్లు. ఆ పది కిలోమీటర్లు వెంకట్రాజు గారి స్కూటరు మీటరు చెప్పిన లెక్క. అది విని నాకు ఒళ్ళు మండింది. స్కూటరు మీటరుతో దూరం కొలవడమేమిటి, నేను ఉండగా!

మరుసటి ఆదివారం ఆఫీసులోని సర్వే గొలుసు తెప్పించాను. ముప్పై మీటర్ల ఇనుప గొలుసు అది, నూట యాభై లంకెలు, లంకెల మధ్య చిన్న చిన్న వలయాలు. ముందు ఒకడు కొస పట్టుకుని సాగుతాడు, గొలుసు బిగిసిన చోట నేలలో ఇనుప పుల్ల గుచ్చుతాడు. వెనకవాడు ఆ పుల్లలు ఏరుకుంటూ వస్తాడు. చేతికి ఎన్ని పుల్లలు వస్తే అన్ని గొలుసుల దూరం. ముందు కొస పట్టుకున్నది మా లాకు లస్కర్ వీర్రాజు. లాకు దగ్గర మొదలుపెట్టి ఐదు కిలోమీటర్లు కొలిచి, అక్కడ ఒక రాయి పాతించి సున్నం కొట్టించాను. లాకు నుంచి రాయి దాకా వెళ్ళి, రాయి చుట్టూ తిరిగి, లాకుకు వస్తే పది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గొలుసు వాడగా వాడగా వలయాలు అరిగి, వంగి, సాగుతుంది. అందుకని వాడబోయే ముందు సబ్‌డివిజన్ ఆఫీసు ఆవరణలో సరిగ్గా ముప్పై మీటర్ల ఎడంతో పాతిన రెండు గుర్తుల మధ్య పరిచి సరిచూడాలి. సాగిన గొలుసుతో కొలిస్తే మనం ఐదు అనుకున్న దూరం ఐదుకు మించి ఉంటుంది. డిప్లొమా మొదటి సంవత్సరంలో నేర్పే పాఠమిది. ఆ రోజు నేను సరిచూడలేదు. బిల్లులకు వేసే కొలతలన్నీ స్టీలు టేపుతోనే తీసేవాళ్ళం, గొలుసు చిల్లర పనులకే. ఆదివారం పూట పరుగుపందేనికి ఇంత తతంగం ఎందుకులే అనుకున్నాను.

క్లబ్బుకు రెండు మూడు ఆచారాలుండేవి. గంటన్నర లోపు వచ్చినవాళ్ళు ఒక పొడుగాటి అట్టపుస్తకంలో తమ పేరు, టైము తమ చేత్తోనే రాసుకోవాలి. ఒకరి పేరు ఇంకొకరు రాయకూడదు. తొంభై నిమిషాలు నిండగానే నేను ఈల వేసి, స్టాప్‌వాచీ ఆపి, పుస్తకం మూసేవాణ్ణి. అయితే ఆఖరి మనిషి వచ్చేదాకా ఎవరూ ఇడ్లీ పొట్లం విప్పకూడదు. ఆ ఆఖరి మనిషి మెళ్ళో వెంకట్రాజు గారు స్వయంగా బంతిపూల దండ వేసేవారు. అందరూ లాకు వంతెన మీద నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ చప్పట్లు మనస్ఫూర్తిగానే కొట్టేవాళ్ళు, అందులో వెక్కిరింత లేదు. మొదట వచ్చినవాడికి దండ లేదు, వట్టి ఇడ్లీయే.

ఎక్కువసార్లు ఆ దండ సువార్తమ్మ టీచరు గారికి దక్కేది. ఆమె లూథరన్ చర్చి మనిషి, ఎలిమెంటరీ స్కూలు హెడ్‌మాస్టరమ్మ, యాభై అయిదేళ్ళు. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కాన్వాసు బూట్లు వేసుకుని, ముఖం మీద ఏ భావమూ లేకుండా పరుగెత్తేవారు. పరుగు అంటే నడకకన్నా ఓ వీసమెత్తు ఎక్కువ. మొదటి నెల గంటా నలభై అయిదు నిమిషాలు పట్టి ఉంటుంది, నేను చూడలేదు. నా వాచీ గంటన్నరకే ఆగిపోయింది గదా.

మూడో నెలో నాలుగో నెలో, దండ వేయించుకున్నాక ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చారు.

"ఎంతయ్యిందండీ నాకు?" అన్నారు.

వాచీ ఆపేశానండీ అన్నాను.

"మరి ఆపకండి," అన్నారామె. "ముప్పై ఏళ్ళ బట్టీ మార్కులు వేస్తన్నానండి. ముప్పై నాలుగొచ్చినోడికి ముప్పై అయిదు ఏనాడూ వెయ్యలేదు. నన్ను మాత్రం దండేసి పాస్ చేసేస్తారేంటండీ? పైగా బంతిపూలు మెళ్ళో వేసుకుని చర్చికెలా వెళ్ళమంటారు? నాకు టైము చెప్పండి, చాలు. రిటైరయ్యేలోగా ఒక్కసారి ఆ పుస్తకంలో నా పేరు నేను రాసుకోవాలి."

ఆమె రిటైర్‌మెంటుకు అప్పటికి రెండున్నరేళ్ళు ఉంది. ఆ తర్వాత సామర్లకోటలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతారని అందరికీ తెలుసు. ఆ రోజు నుంచి స్టాప్‌వాచీ ఆపినా నా చేతివాచీ చూస్తూ ఉండేవాణ్ణి. ఆమె లాకు దగ్గరి గీత దాటగానే టైము చెప్పి, గట్టు ఎత్తులు రాసుకునే నా లెవెల్ ఫీల్డ్‌బుక్ వెనక పేజీలో రాసుకునేవాణ్ణి. అడిగింది ఆమె ఒక్కరే గనుక రాసింది ఆమెది ఒక్కటే.

ఈల తర్వాత వచ్చేవాళ్ళలో ఆమెతో పాటు మరో మనిషి ఉండేవాడు. అది మా వీర్రాజే. గొలుసు లాగిన మర్నాడే, కొలిచిన దూరమే గదండీ ఓసారి పరిగెట్టి చూస్తానండీ అని మొదలుపెట్టాడు. యాభై ఏడేళ్ళ మనిషి, కాస్త బొజ్జ, ఖాకీ నిక్కరు, కాళ్ళకు చెప్పులు కూడా ఉండేవి కావు. అతనికి చదువు రాదు. జీతాల రిజిస్టరు కోసం సంతకం మాత్రం నేర్చుకున్నాడు. టీచరు గారికి ఓ ఇరవై అడుగులు ముందో, ఇరవై అడుగులు వెనకో వచ్చేవాడు. వెనక వచ్చిన రోజు దండ వేసుకుని తూము తలుపు ఎత్తడానికి వెళ్ళిపోయేవాడు. ముందు వచ్చిన రోజు అతనికి పుస్తకమూ లేదు, దండా లేదు. టైము ఎంతని అతను అడిగిన గుర్తు నాకు లేదు. లస్కర్ అసిస్టెంట్ ఇంజనీరును ఎదురు ప్రశ్న అడగడం ఆ రోజుల్లో అలవాటు కూడా లేదు.

ఫీల్డ్‌బుక్‌లో టీచరు గారి అంకెలు నెలనెలా తగ్గుతూ వచ్చాయి. నూట నాలుగు నిమిషాలు, తొంభై తొమ్మిది, తొంభై ఆరు. ఒక వర్షాకాలం జారిపడి మోకాలు పట్టేసి మళ్ళీ నూట ఒకటి. మళ్ళీ తొంభై అయిదు. స్కూలు వదిలాక సాయంత్రాలు కూడా గట్టు మీద కనిపించేవారు. 1999 ఫిబ్రవరిలో తొంభై ఒకటీ నలభై. ఇక మిగిలింది మార్చి ఆఖరి ఆదివారం ఒక్కటే. ఆ నెలాఖరుకే ఆమె రిటైరవుతున్నారు.

ఆ ఆదివారం ఊళ్ళో సగం మంది లాకు వంతెన మీదికి వచ్చారు. మంచు తెర ఇంకా పూర్తిగా విడలేదు. ముందువాళ్ళందరూ వచ్చేశారు, పేర్లు రాసుకున్నారు. ఎనభై ఎనిమిది నిమిషాలప్పుడు మలుపు దగ్గర ఇద్దరూ కనబడ్డారు. ముందు వీర్రాజు, వెనక టీచరు గారు. జనం ఒకటే కేకలు. వెంకట్రాజు గారు నా పక్కకు వచ్చి చెవిలో, "కాస్త ఆగి ఊదండి ఏఈ గారూ, ఎవరు చూడొచ్చారండీ," అన్నారు.

నేను ఆగలేదు. తొంభై నిమిషాలు నిండగానే ఈల వేశాను. అప్పటికి ఆమె గీతకు డెబ్భై మీటర్ల దూరంలో ఉన్నారు. ఈల వినబడ్డాక కూడా ఆమె అడుగు తగ్గలేదు. వీర్రాజు గీత దాటి పక్కకు తప్పుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డాడు. తర్వాత ఆమె వచ్చారు.

"ఎంతండీ?"

"తొంభై నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లండీ."

ఆమె ఆ అంకె ఒకసారి తనలో అనుకున్నారు. పమిట చెంగుతో ముఖం తుడుచుకున్నారు. "సరేనండి, తప్పింది," అని దండ చేతిలోకి తీసుకుని, అందరితో కూర్చుని ఇడ్లీ తిని, ఆరాధన వేళయిందని వెళ్ళిపోయారు. నెల తిరక్కుండా సామాను లారీకెక్కించి సామర్లకోట చేరారు. ఆ ఉదయం నాకు బాధ కలిగింది కాని తప్పు చేశానని అనిపించలేదు. నిజం చెప్పాలంటే, ఎవరి మొహమూ చూడకుండా సరిగ్గా సమయానికి ఈల వేసినందుకు లోపల కొంచెం గర్వపడ్డాను.

మే నెలలో కాలువ కట్టేశారు. ఏటా వేసవిలో కాలువ మొదట్లో ఉన్న హెడ్ స్లూయిస్ తలుపుల దగ్గర నీళ్ళు ఆపి, పూడిక తీసి, గట్లు బాగుచేసే కాలం అది. ఆ ఏడు మా గట్టు ఎత్తు పెంచే పని వచ్చింది. కొత్తగా వచ్చిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు చాలా పట్టుదల మనిషి. ప్రతి సెక్షన్‌లోనూ ఉన్న గొలుసులన్నీ తెచ్చి తన ఎదుట సరిచూడాలన్నారు. మా గొలుసు పరిచారు. ముప్పై మీటర్ల గుర్తు దాటి ఇంకా ఇరవై ఏడు సెంటీమీటర్లు వెళ్ళింది. ఆయన రిజిస్టరులో పనికిరాదని రాయించి పక్కన పడేయించారు. నన్నేమీ అనలేదు. నాకు మాత్రం సున్నం రాయి గుర్తొచ్చింది.

ఆ సాయంత్రమే కొత్త స్టీలు టేపు తీసుకుని, వీర్రాజును పిలిచి, లాకు నుంచి సున్నం రాయి దాకా మళ్ళీ కొలిచాను. ఐదు వేల నలభై అయిదు మీటర్లు వచ్చింది. అంటే రానూ పోనూ తొంభై మీటర్లు ఎక్కువ. మూడేళ్ళుగా అందరూ తొంభై మీటర్లు ఎక్కువ పరుగెత్తారు. టీచరు గారి ఆఖరి పరుగు వేగం ప్రకారం తొంభై మీటర్లకు నలభై ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆమె పది కిలోమీటర్లు తొంభై నిమిషాలకు పది సెకన్ల ముందే పూర్తి చేశారన్నమాట. రాతి మీద కూర్చుని ఆ లెక్క రెండుసార్లు వేశాను.

వీర్రాజు టేపు చుడుతూ నా వంకే చూస్తున్నాడు. "అయితే మరి టీచరు గారిదండీ?" అన్నాడు.

నేను తల ఎత్తలేదు. "చూద్దాంలే. ఈ సంగతి ఎవరితోనూ అనకు," అన్నాను.

"ఆయ్," అన్నాడు. మా దగ్గర ఆ ఒక్క మాటకే ఆజ్ఞ అందిందని అర్థం.

ఎందుకు దాచానని ఇన్నేళ్ళలో నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఉద్యోగానికి ముప్పు లేదు, మెమో కూడా వచ్చేది కాదు. సిగ్గు, అంతే. కొలతలంటే ఈయన దగ్గర నేర్చుకోవాలని నలుగురూ అనే మాట పోతుందని సిగ్గు. గట్టు పనుల్లో రాయి ఎలాగూ పెకలించారు. పని పూర్తయ్యాక దాన్ని సరైన చోట, నలభై అయిదు మీటర్లు ఇవతల పాతించాను. ఎవరూ గమనించలేదు.

జూన్ నెలాఖరుకు వీర్రాజుకు అరవై నిండాయి. క్లబ్బు తరఫున శాలువా కప్పాము. అతని సేవల గురించి నేనే మాట్లాడాను. అతను అందరికీ దండాలు పెట్టి, ఆత్రేయపురం అవతల తన సొంత ఊరికి భార్యను తీసుకుని వెళ్ళిపోయాడు.

జులైలో మళ్ళీ పరుగులు మొదలయ్యాయి. అందరి టైములూ అరనిమిషం పైగా తగ్గాయి. వెంకట్రాజు గారి ఆనందం అంతా ఇంతా కాదు. "గట్టు బాగుచేసి మాకు కొత్త కాళ్ళు ఇచ్చేరండీ ఏఈ గారూ," అని అందరి ముందూ మెచ్చుకున్నారు. చచ్చినట్టు నవ్వాను.

అక్టోబరు ఆఖరి ఆదివారం, బ్యాంకులో పనిచేసే ఒక కొత్త కుర్రాడు ఎనభై తొమ్మిదీ యాభైకి గీత దాటాడు. పెన్ను తీసుకుని పుస్తకంలో పేరు, టైము రాసుకున్నాడు. రాశాక ఆ పేజీ వంక అలా చూస్తూ ఉండిపోయాడు. అది కచ్చితంగా సువార్తమ్మ గారికి రావలసిన టైము. ఇక నా వల్ల కాలేదు. ఇడ్లీలు పంచకముందే నిలబడి గొలుసు సంగతి మొత్తం చెప్పేశాను.  వెంకట్రాజు గారు, "ఇంతేనాండీ? కొంప ములిగిందేమో అనుకున్నానండీ. పొరపాటు ఎవరికి రాదు? ఆవిడ పేరు రాసెయ్యండి," అన్నారు. రాయడానికి వీల్లేదు. ఎవరి పేరు వాళ్ళే రాసుకోవాలి.

నవంబరు మొదటి వారంలో సెలవు పెట్టి, పుస్తకమూ ఫీల్డ్‌బుక్కూ సంచిలో వేసుకుని నిడదవోలు వెళ్ళి, అక్కడ బండి మారి సామర్లకోట వెళ్ళాను. టీచరు గారు భీమేశ్వరాలయం వెనక వీధిలో చెల్లెలి ఇంట్లో ఉన్నారు. కొంచెం చిక్కారు. మోకాలి నొప్పి వల్ల పరుగు మానేశానన్నారు. నేను చెప్పవలసింది చెప్పాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, కాగితం, పెన్సిలు తెప్పించుకుని లెక్క మొత్తం తనే మళ్ళీ వేశారు. నేను పరీక్ష రాసినవాడిలా ఎదురుగా కూర్చున్నాను.

"ఇది గ్రేసు కాదు గదండీ?" అన్నారు చివరికి.

"కాదండీ. దిద్దినవాడి తప్పు."

"రీవాల్యుయేషనన్నమాట," అని ఆమె మొదటిసారి నా ఎదుట నవ్వారు. ఆ నవ్వు చూశాక ఐదు నెలలు ఆలస్యం చేసినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. పుస్తకం తెరిచి, మార్చి నెల పేజీలో ఆఖరి పేరు కింద వేలు పెట్టి చూపించాను. ఆమె పెన్ను మూత తీశారు. రాయబోతూ ఆగారు.

"ఆ రోజు నా ముందొచ్చింది వీర్రాజు గదండీ?"

అవునన్నాను. ఈల తర్వాత, ఆమె కన్నా ముందు. అంటే తొంభై నిమిషాలకూ, తొంభై నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లకూ మధ్య. టైము రాయకపోయినా రుజువు ఉంది. ఆమెకు చెల్లిన లెక్క అతనికీ చెల్లుతుంది. ఐదు నెలలు ఆ లెక్క నా బుర్రలో తిరుగుతున్నా, టేపు రెండో కొస పట్టుకున్న మనిషి నాకు తట్టలేదు. టీచరు గారిదండీ అని అడిగినవాడు, తన సంగతి అడగనేలేదు.

"ముందొచ్చినాయన పేరు ముందుండాలండీ," అన్నారామె. ఒక గీత వదిలి, రెండో గీత మీద గుండ్రటి అక్షరాలతో బి. సువార్తమ్మ అని రాసుకున్నారు. పక్కన 89–50 అని వేశారు. రాశాక ఆ పేరు వైపు చాలాసేపు చూశారు. "ఆయన దగ్గరికి తొందరగా వెళ్ళండి," అన్నారు.

మర్నాడే రావులపాలెం మీదుగా ఆత్రేయపురం బస్సెక్కాను. ఊరు కనుక్కుని, ఇల్లు కనుక్కునేసరికి పదకొండయ్యింది. వీర్రాజు భార్య అరుగు మీద కూర్చుని పక్కింటి వాళ్ళ కోసం పూతరేకుల మడతలు వేస్తోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుని లేచింది. వీర్రాజు సెప్టెంబరులో పోయాడు. జ్వరమని పడుకున్నాడట, నాలుగు రోజులే. అప్పటికి ఏడు వారాలయ్యింది.

పుస్తకం సంచిలోనే ఉంది. పరుగు గురించి ఒక మాట చెప్పడానికి వచ్చానమ్మా అన్నాను.

"తెలుసండి," అంది ఆమె. "ఆయన చెప్పేరండి. టీచరు గారూ నేనూ గంటన్నరలోనే వచ్చేమే, దూరం ఎక్కువుందంట, ఏఈ గారే కొలిచేరు అన్నారండి. కానీ ఎవరితోనూ అనొద్దన్నారంట గదండీ మీరు. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదండి. ఇంటికి చుట్టాలొచ్చినా చెప్పలేదండి." నా మొహంలోకి చూసి, "ఇప్పుడు చెప్పుకోవచ్చాండీ?" అని అడిగింది.

చెప్పుకోండమ్మా, అందరికీ చెప్పుకోండి అన్నాను. ఆమె పక్కింటి ఆవిడను పిలిచి నా ఎదుటే చెప్పింది. నేను తల వంచుకుని అవునన్నాను. పుస్తకం బయటికి తీయలేదు. తీసి ఏం చెయ్యను?

తర్వాతి నెల నుంచి క్లబ్బు నియమం మార్చాము. ఈల లేదు. ఆఖరి మనిషి గీత దాటేదాకా వాచీ ఆగదు, పుస్తకం మూయరు. ఎంత టైము పట్టినా ప్రతివాళ్ళూ తమ పేరు, తమ టైము రాసుకుంటారు. దండ మాత్రం వెంకట్రాజు గారు ఒప్పుకోక అలాగే ఉంచారు. రెండేళ్ళకు నాకు బదిలీ వచ్చింది. ఆ పుస్తకం నిండిపోయి కొత్తది కొన్నప్పుడు పాతది నేను అడిగి తెచ్చుకున్నాను.

ఉద్యోగం అయిపోయి, ఇప్పుడు రాజమండ్రిలో మూడో అంతస్తులో ఉంటున్నాను. పొద్దున్నే మెలకువ వస్తుంది. లేచి చెయ్యడానికి పనేమీ ఉండదు. ఆ వేళకు నా మనసు ఆ గట్టు మీదే ఉంటుంది. మంచులోంచి ముందు ఖాకీ నిక్కరు, ఇరవై అడుగుల వెనక దోపిన చీర కుచ్చిళ్ళు కనబడే ఆ మలుపు చూడాలని ఎంతగా ఉంటుందో చెప్పలేను. నా ఉద్యోగంలో పెద్ద పెద్ద పనులే చేశాను. కట్టిన తూములున్నాయి, ఆపిన గండ్లున్నాయి. వాటిలో దేనికోసమూ నాకు ఇలా బెంగ కలగదు. వాళ్ళిద్దరూ వస్తుంటే వాచీ పట్టుకుని మళ్ళీ ఒక్కసారి నిలబడితే చాలు.

ఈ ఉదంతం వల్ల నేను తెలుసుకున్నవి ఇవి. కొలిచే పరికరాన్ని పని చిన్నదైనా పెద్దదైనా ముందు సరిచూడాలి. ఆలస్యంగా వచ్చేవాళ్ళను చప్పట్లతో సరిపెట్టకూడదు, వాళ్ళ టైము కూడా రాయాలి. రాసి ఉంచిన తప్పునైతే ఎప్పటికైనా దిద్దవచ్చు. సువార్తమ్మ గారి అంకె రాసి ఉంది గనుకనే దిద్దగలిగాను. మూడేళ్ళలో ఈల తర్వాత వచ్చిన మిగతావాళ్ళు ఎందరో, వాళ్ళలో ఎవరు నిజానికి గంటన్నర లోపే వచ్చారో ఇక ఎవరికీ తెలియదు. ఇక తప్పు తెలిసిన రోజునే చెప్పాలి. మే నెలలో నేను నోరు విప్పి ఉంటే, వీర్రాజు ఆ పుస్తకంలో తన పేరు తనే రాసుకునేవాడు.